పెదవి కదపని ప్రార్థన

మా అత్తను మా ఆయన ఇంట్లోంచి పంపేసింది ప్రార్థన చేసినందుకు. వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఆ వేసవిలో మా డిపోలో ఎవరిని అడిగినా ఇదే మాట చెప్పేవారు. అందరూ నమ్మారు. నేనూ నమ్మాను.

బస్సులు ఆగిపోయిన వేసవి అది. మా పనులన్నీ కాంట్రాక్టు మనుషులకిచ్చి పాతవాళ్ళను ఇంటికి పంపాలని కంపెనీ చూస్తుంటే డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు, సీట్లు కుట్టే మా సెక్షను ఆడవాళ్ళు, అందరం బయటికొచ్చి గేటు ముందు టెంటు వేసుకున్నాం. మా ఆయన ఇంజన్ సెక్షన్లో మెకానిక్కు, సమ్మె కమిటీలో మనిషి కూడా. ఇంట్లో రెండు పనులూ ఒకే రోజు ఆగాయి.

నాకు నిద్ర పట్టేది కాదు. రోజంతా రెక్సిను లాగి, మందపాటి సూదితో కుట్టే చేతులు ఖాళీగా ఉండేసరికి బుర్రకు పని ఎక్కువైంది. ఇంకా వెలుగు రాకముందే లేచి వంటింట్లోకి వెళ్ళి కూర్చునేదాన్ని. అత్త అప్పటికే అక్కడ చాప మీద మోకాళ్ళూని ఉండేది. ఒకరోజు ఆమెన్ చెప్పి, కళ్ళు తెరిచి నా వైపు చూసింది.

"బెంగ పెట్టుకోడానికి ఇంత పొద్దున్నే లేవాలా అమ్మాయ్? ఎలాగూ లేచావు, అదేదో మోకాళ్ళ మీద పెట్టుకో. కనీసం వినేవాడుంటాడు."

"నాకు రాదు అత్తయ్యా. ఆదివారం పాస్టరు గారు ప్రార్థన చేస్తే ఆమెన్ అనడం వరకే నా చదువు."

"సీటు కుట్టడం పుట్టగానే వచ్చిందా నీకు? ఎన్ని సూదులు విరిచుంటావు?"

అలా మొదలైంది. అత్త చెప్పిన పద్ధతి సులువుగానే ఉండేది. స్టవ్ వెలిగించేలోపే మోకాళ్ళేయాలి. ముందు స్తోత్రం, తర్వాత నా తప్పులు, ఆ తర్వాత పక్కవాళ్ళు, నా గోల అన్నిటికన్నా చివర్న. అన్నీ పైకే చెప్పాలి, పేర్లతో చెప్పాలి.

"'అందరినీ దీవించు ప్రభువా' అంటే ఎవరినీ దీవించనట్టే. అడ్రసు లేకుండా ఉత్తరం వేస్తావా?" అనేది.

మొదటి రోజుల్లో పక్కవాళ్ళ దాకా వచ్చేసరికే కుర్చీ మీద తల వాల్చి నిద్రపోయేదాన్ని. మంచం మీద రాని నిద్ర ప్రార్థనలో వచ్చేది! అత్త భుజం తట్టి లేపి, "దేవుడు నీ గురక విని వెళ్ళాడు. రేపు మళ్ళీ వస్తాడట, కాస్త మెలకువగా ఉండమన్నాడు" అని నవ్వేది. "మనసు రావట్లేదు అత్తయ్యా" అంటే, "మనసు రాలేదని బస్సెక్కడం మానేస్తావా? కూర్చో. వచ్చినప్పుడు వస్తుంది" అనేది.

నిజంగానే వచ్చింది. ఏ రోజున అని చెప్పలేను. ఒకనాడు తప్పుల దగ్గర ఆగి, సమ్మెలో అందరూ చిల్లరక్క మాటే వింటున్నారని లోపల కుళ్ళుకుంటున్నానని చెప్పేశాను. చిల్లరక్క అంటే మా డిపోలో పాత కండక్టరు. నోటిచ్చిన ప్రతివాడినీ "చిల్లరుందా?" అని గద్దించి ఆ పేరు తెచ్చుకుంది. ఆ రోజు టెంటులో ఆమెను చూస్తే లోపల మంట లేదు. పక్కకు జరిగి చోటిచ్చాను. ప్రార్థన అంటే ఇదా అనిపించింది. తుఫానులు, దర్శనాలు ఏమీ లేవు. పక్కకు జరగడం, అంతే.

మా ఆయన మాత్రం నవ్వేవాడు. "మీ అత్తాకోడళ్ళు దేవుణ్ణి కూడా కమిటీలో చేర్చుకున్నారా?" అనేవాడు. కానీ మేం మోకాళ్ళ మీద ఉన్నప్పుడు పక్కగదిలో దగ్గు కూడా రానిచ్చేవాడు కాదు. ఎంత మర్యాదో అనుకున్నాను.

*

సమ్మెకు నాయకుడు మీసాలాయన అని మేం పిలిచే ఒక డ్రైవరు. గేటు దగ్గర ఎవరో కంపెనీ కారు అద్దం పగలగొడితే కేసు ఆయన మీద పెట్టారు. పట్టుకుపోతే సమ్మె కూలిపోతుందని కమిటీ ఆయన్ను దాచమంది. ఆ చోటు వెతికింది మా ఆయనే. ఊరి చివర, మూతబడిన అట్టపెట్టెల గోదాం. కమిటీలో ఇంకెవరికీ చోటు తెలియకూడదని అనుకున్నారు. అత్త వండేది, నేను డబ్బా పట్టుకెళ్ళేదాన్ని. అట్టల మధ్యలోంచి మీసాలు ముందు బయటికొచ్చేవి, మనిషి తర్వాత వచ్చేవాడు.

"ఇవాళైనా ఉప్పేశారా అమ్మా?" అనేవాడు.

"ప్రాణం మీదకొచ్చినా రుచి కావాలా?"

"ప్రాణం ఉన్నందుకే కదా రుచి!"

పొద్దున్నే ప్రార్థనలో ఆయన పేరు చెప్పేవాళ్ళం. "ప్రభువా, ఆ గోదాంలో ఉన్న బిడ్డను నీ రెక్కల కింద దాచు" అని అత్త గొంతెత్తి అడిగేది. వంటింటి కిటికీ సందులోకి ఉంటుంది. ఎండాకాలం కదా, తెరిచే ఉండేది.

వారం తిరక్కుండా పోలీసులు నేరుగా గోదాంకి వెళ్ళారు. చుట్టుపక్కల వెతకలేదు, ఎవర్నీ అడగలేదు. వెళ్ళి తాళం పగలగొట్టి తీసుకుపోయారు.

ఆ సాయంత్రం టెంటు కింద గాలాడలేదు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడం లేదు. అప్పుడు మా ఆయన లేచి నిలబడ్డాడు.

"ఇంకెవర్నీ అనుమానించకండి. తప్పు మా ఇంట్లో జరిగింది" అన్నాడు. "మా అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. రోజూ పొద్దున్నే మైకు పెట్టినట్టు ఆ చోటు పేరెత్తి ప్రార్థన చేసింది. పైగా ఆవిడ తమ్ముడు ఎవరి కారు నడుపుతున్నాడో మీకందరికీ తెలుసు."

తెలుసు. అత్త తమ్ముడు డిపో మేనేజరు కారు డ్రైవరు. ప్రతి ఆదివారం చర్చిలో అక్కాతమ్ముళ్ళు పక్కపక్కనే కూర్చుంటారు.

ఇంటికొచ్చాక మా ఆయన సూటిగా అడిగాడు. "మామయ్యతో మీసాలాయన మాట ఎత్తావా లేదా?"

అత్తకు అబద్ధం రాదు. "ఎత్తాను. ఆ బిడ్డ కోసం నువ్వు కూడా ప్రార్థన చెయ్యరా అన్నాను. అంతే నాయనా. చోటు చెప్పలేదు."

"విన్నావా?" అని ఆయన నా వైపు తిరిగాడు. "ప్రార్థన చెయ్యమందట! తాళం చెవి చేతిలో పెట్టి, తలుపు మాత్రం నేను తియ్యలేదంటోంది."

అత్త నన్ను చూసింది. నేనేమైనా అంటానేమోనని చూసింది. నేను నేల వైపు చూశాను. మా చర్చిలో ప్రార్థన మనవి అన్న పేరుతో ఎన్ని ఇళ్ళ గుట్లు ఎన్ని వీధులు తిరిగాయో నాకు తెలుసు. చెప్పేవాళ్ళకు చెడు ఉద్దేశం ఉండదు. ప్రార్థన కోసమే కదా అనుకుంటారు. అత్త కూడా అలాగే జారి ఉంటుందనుకున్నాను.

మర్నాడు ఆవిడ ఒక సంచీలో బట్టలు, బైబిలు పెట్టుకుని చర్చి వెనకున్న గదిలోకి మారింది. బయటూరి నుంచి వచ్చే బోధకులకని కట్టిన గది అది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "అమ్మాయ్, పొద్దున్నే లేవడం మానకు" అంది. మా ఆయన టెంటుకు వెళ్తే మగవాళ్ళు లేచి భుజం మీద చెయ్యేశారు. సమ్మె కోసం కన్నతల్లిని పంపేసిన మనిషి! ఇక అక్కడ ఆయన మాటకు ఎదురు లేదు.

*

"ఇంట్లో పైకి ప్రార్థన వద్దు" అన్నాడు ఆయన. కిటికీ తనే మూసి గడియ పెట్టాడు.

అత్త లేని వంటింట్లో ఒక్కదాన్నే మోకాళ్ళేసేదాన్ని. పైకి చెప్పే ప్రార్థన అలవాటైనదానికి లోపల చెప్పుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మాట పైకొస్తే దాని వెంట మనం వెళ్తాం. లోపలే ఉంటే అది సందుసందుల్లో తిరిగొస్తుంది. స్తోత్రం దగ్గర మొదలుపెట్టి ఎక్కడో నీళ్ళ పంపు గొడవ దగ్గర తేలేదాన్ని. మళ్ళీ మొదటికి. పెదవులు వాటంతటవే కదిలేవి. అరచెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని. తల ప్రాణం తోకకొచ్చేది. అయినా మానలేదు. కొన్నాళ్ళకు పెదవి కదపకుండా మొదటి నుంచి చివరిదాకా వెళ్ళడం వచ్చింది. అత్తకు చూపించాలనిపించింది. చూపించడానికి అత్త ఇంట్లో లేదు.

మీసాలాయన తర్వాత సమ్మె చిల్లరక్క చేతికొచ్చింది. వెనక్కి తగ్గిన వాళ్ళు కూడా ఆమె నోటికి భయపడి మళ్ళీ టెంటుకొచ్చారు. దాంతో పాత కేసులో ఆమె పేరు కూడా ఎక్కించారు. ఒక మధ్యాహ్నం నన్ను టెంటు వెనక్కి పిలిచింది.

"ఏయ్ పిల్లా, నన్నెక్కడైనా పెట్టు. కమిటీలో ఎవడికీ చెప్పకు. నాకు కూడా వెళ్ళేదాకా చెప్పకు."

"నన్ను నమ్ముతావా అక్కా? మా ఇంట్లోంచే కదా మాట పోయింది."

"అది మీ అత్త నోట్లోంచి పోయింది. నీ నోట్లోంచి మాట రావాలంటే నేను చిల్లర పెట్టి కొనుక్కోవాలి. పద."

మా వీధి చివర లాండ్రీ ఉంది. కూతురి కాన్పుకని దాని ఓనరు కుటుంబంతో ఊరెళ్తూ, బట్టల బండ్ల కాన్వాసు సంచులు కుట్టిపెట్టమని తాళం నాకిచ్చాడు. ఆ మధ్యాహ్నమే ఒక బండి తోసుకొచ్చాను. చిల్లరక్క అందులో ముడుచుకుని పడుకుంటే పైన దుప్పట్లు కప్పాను. ఎండకు వీధిలో పిట్ట లేదు. ప్రతి మలుపు దగ్గర చక్రం సరిచేస్తున్నట్టు వంగి వెనక్కి చూసుకున్నాను. ఎవరూ లేరు. దుప్పట్ల కింద నుంచి, "గుంతలు చూసి తోలవే, డ్రైవర్ల పరువు తీస్తున్నావు" అని సణుగుడు వినిపించింది. లాండ్రీ అటక మీద ఆమెను పెట్టి, షట్టరు దించి, తాళమేసి ఇంటికొచ్చాను.

సాయంత్రం భోజనం దగ్గర ఆయన అడిగాడు. "అక్క కనబడట్లేదు. నువ్వే ఏదో చేశావంటున్నారు."

నేను ఆయన కంచంలో ఇంకాస్త అన్నం వేశాను.

"నాకూ చెప్పవా? నేను కూడా పరాయివాణ్ణయిపోయానా?" ఆ అడగడంలో ఎంత నొప్పి ఉందంటే నాకే సిగ్గేసింది. తల్లినే వదులుకున్న మనిషి. చెప్పాను.

మర్నాడు వెలుగు రాకముందే చాప మీద ఉన్నాను. కిటికీ గడియ వేసే ఉంది. స్తోత్రం, తప్పులు, పక్కవాళ్ళు. చిల్లరక్క పేరు, లాండ్రీ అటక, షట్టరు తాళం, అన్నీ దేవుడికి చెప్పాను. పెదవి కదపలేదు.

మధ్యాహ్నం నేను అన్నం డబ్బా పట్టుకుని వీధి మలుపు తిరిగేసరికి లాండ్రీ షట్టరు సగానికి ఎత్తి ఉంది. చిల్లరక్కను జీపెక్కిస్తున్నారు. ఆమె నన్ను చూసింది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి ఏమీ అనలేదు. అదే నన్ను నిలువునా కోసింది.

*

ఇంటికొచ్చేసరికి ఆయన పెరట్లో కుళాయి కింద చేతులు కడుక్కుంటున్నాడు. కబురు ఆయనకు అప్పటికే అందింది.

"మళ్ళీ ప్రార్థన చేశావా?" అన్నాడు. అదే మొదటి మాట.

"చేశాను."

"నేను చెబుతూనే ఉన్నా. మీ ఆడవాళ్ళ నోళ్ళు..."

"పెదవి కదపలేదండీ."

ఆయన చేతుల మీద సబ్బు నురగ అలాగే ఉంది. కుళాయి పోతూనే ఉంది.

"కిటికీ మీరే మూశారు. అత్తయ్య ఇంట్లో లేదు. చిల్లరక్క తనంతట తానే పోలీసులకు కబురు పెట్టుకోదు. ఆ అటక సంగతి నాకు తెలుసు, మీకు తెలుసు, దేవుడికి తెలుసు. నేను చెప్పలేదు. దేవుడు స్టేషనుకెళ్ళడు."

"బండి తోస్తుంటే ఎవడైనా చూసుండొచ్చు."

"ఉండొచ్చు. అయితే రండి."

"ఎక్కడికి?"

"వంటింట్లోకి. పక్కపక్కన మోకాళ్ళేద్దాం. మీరు పైకే చెప్పండి. 'నేను కాదు ప్రభువా' అని ఒక్క మాట. నాకదే చాలు, జన్మలో మళ్ళీ అడగను."

ఆయన వంటింటి వైపు చూశాడు. గుమ్మంలోంచి చాప కనబడుతోంది. చాలాసేపు చూశాడు. తర్వాత కుళాయి కట్టేసి తువ్వాలు వెతుక్కున్నాడు.

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను.

"నీ కోసమే" అన్నాడు తువ్వాలు మడతపెడుతూ. "కాంట్రాక్టు ఎలాగూ వస్తుంది. ముందు పోయేది మీ సీట్ల సెక్షను, తర్వాత మాది. మనిద్దరి పనులూ ఉంచుతానని మేనేజరు మాటిచ్చాడు. ఎప్పటికైనా ఓడిపోయే సమ్మె కోసం మనమెందుకు మునగాలి?"

"మరి అత్తయ్య?"

"అమ్మకేమైంది? ముసలావిణ్ణి ఎవరూ జైల్లో పెట్టరు కదా. మొత్తం చల్లబడ్డాక నేనే వెళ్ళి తీసుకొద్దామనుకున్నా."

మేం మోకాళ్ళ మీద ఉన్నప్పుడు పక్కగదిలో దగ్గు కూడా ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది. మేం దేవుడి ముందు పెట్టినవన్నీ ఆయన గోడవతల కూర్చుని వింటున్నాడు. ఏ మాట ఎవరి మీదకు తోయాలో చూసుకుంటున్నాడు. మా ప్రార్థన ఆయనకు కబురు కోసం అక్కర్లేదు. కబురు ఆయన దగ్గరే ఉంది. నెపం కోసం కావాలి.

"సాయంత్రం టెంటు దగ్గర మీరే చెప్పండి" అన్నాను. "మీరు చెప్పకపోతే నేను చెప్తాను."

ఆయన నవ్వాడు. "ఎవరు నమ్ముతారు?"

సాయంత్రం ఆయన చెప్పలేదు. అందరితో పాటు చాప మీద కూర్చుని, చిల్లరక్క కోసం జామీను ఎలా తేవాలో మాట్లాడుతున్నాడు. నేను ముందుకెళ్ళి నిలబడ్డాను. "మీసాలాయన్నీ, అక్కనీ పట్టించింది మా ఆయనే" అన్నాను.

వెనకనుంచి ఒక డ్రైవరు అన్నాడు. "ఏంటమ్మా ఇది? మొన్న అత్తగారు, ఇవాళ మొగుడు. రేపు ఎవరు, నువ్వా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. సీట్ల సెక్షన్లో నా పక్కన కూర్చునే ముసలామె మాత్రం నవ్వలేదు. మా ఆయన వైపు తిరిగి, "ఏమయ్యా, నీ పెళ్ళాం ఏదో అంటోంది. కాదను" అంది.

"కాదను" అన్నారు ఇంకొందరు.

ఆయన లేచి, దుమ్ము దులుపుకున్నాడు. "ఇలాంటివాటికి నేను జవాబు చెప్పను" అన్నాడు. సైకిలు తీసుకుని, గేటు ముందు రోడ్డు మీదుగా వెళ్ళిపోయాడు. తొందరపడకుండానే తొక్కాడు. కానీ అంతమందిలో ఒక్కరి మొహం కూడా చూడలేకపోయాడు. అది అందరికీ కనబడింది.

*

మర్నాడు తెల్లవారకముందే చర్చి వెనక గదికి వెళ్ళాను. అత్త అప్పుడే లేచి జుట్టు ముడేసుకుంటోంది. ఇన్నాళ్ళూ చర్చిలో ఆఖరి వరసలో ఒక్కతే కూర్చుంటోందని, ఎవరూ ప్రార్థన మనవులు ఆవిడ చెవిన వేయడం లేదని నాకు తెలుసు. కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పాను. క్షమించమన్నాను.

అత్త ఆశ్చర్యపోలేదు.

"తెలుసమ్మా" అంది.

"ఏం తెలుసు?"

"వాడేనని. ఆ చోటు నేను ఎవరికీ చెప్పలేదు. నువ్వు చెప్పవు. ఇక మిగిలింది ఎవరు? వాడు టెంటులో నా పేరెత్తిన రోజే తెలిసింది."

నేను ఆవిడ కాళ్ళ దగ్గర్నుంచి లేచాను.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"కన్నతల్లి నోటితో ఎలా చెప్పమంటావు? దేవుడికి చెప్పుకున్నాను. రోజూ వాడి పేరు పెట్టి చెప్పుకున్నాను. వాడి మనసు తిప్పమని."

"దేవుడికి చెప్పారు. ఆయన నాకు చెప్పలేదు అత్తయ్యా." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మీరు ఒక్క మాట అనుంటే నేను ఆ రాత్రి భోజనం దగ్గర నోరు విప్పేదాన్ని కాదు. అక్క ఇవాళ బయట ఉండేది."

అత్త మొహం పాలిపోయింది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొడుకు పంపేసినప్పుడు కూడా ఆవిడ అలా అవ్వలేదు. నేను మాట వెనక్కి తీసుకోలేదు. అది నిజం.

బయట వెలుగొస్తోంది. ఆవిడ మంచానికి ఒకవైపు మోకాళ్ళేసింది. ఎప్పుడూ నాకోసం పక్కన చోటు వదిలేది. నేను రెండోవైపు వేశాను. ఆవిడ పైకే ప్రార్థించింది. తన తప్పు చెప్పింది. చిల్లరక్క పేరు చెప్పి ఏడ్చింది. తర్వాత కొడుకు పేరెత్తి, "వాణ్ణి వదిలెయ్యకు ప్రభువా" అంది. ఆఖర్న ఆమెన్ అని, నా ఆమెన్ కోసం ఆగింది.

నేను అనలేదు. లేచి వెళ్ళిపోనూ లేదు.

వానలు పడేలోగా సమ్మె ముగిసింది. సగం గెలిచాం. సీట్ల సెక్షను మిగిలింది. మీసాలాయన, చిల్లరక్క బయటికొచ్చి మళ్ళీ బస్సెక్కారు. చిల్లరక్క నాతో మాట్లాడుతుంది, కానీ లాండ్రీ ఉన్న వీధిలోంచి నడవదు. మా ఆయన వేరే ఊళ్ళో వేరే కంపెనీలో చేరాడని విన్నాను. అత్త, నేను ఒకే ఇంట్లో ఉంటున్నాం.

నేనింకా పొద్దున్నే లేస్తాను. స్తోత్రం చెప్తాను, నా తప్పులు చెప్తాను, పక్కవాళ్ళ దగ్గరికొస్తాను. ఒక్కొక్క పేరూ చెప్పుకుంటూ వెళ్తే మా ఆయన పేరు వంతు వస్తుంది. పైకి రాదు, లోపలా రాదు. గొంతులో ముల్లులా అక్కడే ఉంటుంది. తోసెయ్యను, మింగను. వెలుగు వచ్చేదాకా దాని ముందే మోకాళ్ళ మీద ఉండి, లేచి పనికి వెళ్తాను.